గోడకు ఆనిన తలలు

పరాయి ఇంటికి వెళ్తే గోడకు తల ఆనించి కూర్చోకూడదని మా అమ్మ నేర్పింది. తలకు నూనె రాసుకునేవాళ్లం కదా, మన ఇళ్లలో ప్రతి గోడమీదా, కూర్చున్న మనిషి తల ఎత్తున, గుండ్రటి నల్లటి మరక ఒకటి ఉంటుంది. సున్నం వేయించిన ఏడాది తిరక్కుండా మళ్లీ పైకి తేలుతుంది. మా ఇంటి వసారాలో ఆ మరక తాతయ్యది. ఆయన పోయాక రెండుసార్లు సున్నం కొట్టించినా అది పోలేదు. "మీ తాత ఇంకా పేపరు చదువుతూనే ఉన్నాడు" అనేది నాయనమ్మ.

అమ్మ నేర్పిన ఆ మర్యాద నేను తప్పాను కాబట్టే అమెరికాలోని కనెక్టికట్‌లో ఒక ఊరి చరిత్ర తేలింది. నా థీసిస్‌లో ఈ సంగతి రెండు వాక్యాల్లో ఉంటుంది. అక్కడ దానికి 'భౌతిక ఆధారం' అని పేరు పెట్టాను.

అవి డెబ్బైల ఆఖరి రోజులు. విశాఖలో లా రెండో ఏడు చదువుతుండగా నాకు పెళ్లయింది. మా ఆయన కనెక్టికట్ రాష్ట్రంలోనే ఇంజన్లు తయారుచేసే కంపెనీలో పనిచేసేవారు. అక్కడికి వెళ్లాక లా పూర్తిచేద్దామని ఒకటి రెండు కాలేజీల తలుపు తట్టాను. నా రెండేళ్ల చదువు అక్కడ చెల్లదన్నారు, మొదటినుంచీ మొదలుపెట్టమన్నారు. కోపం వచ్చింది. లా చెప్పకపోతే పోనీ, లా చరిత్రైనా చదువుతానని హిస్టరీ ఎం.ఏ.లో చేరాను. మా నాన్నకు ఉత్తరం రాస్తే, "వంటింట్లోకి రానివ్వకపోతే పెరట్లోంచి వాసన చూసినట్టుంది" అని జవాబు రాశాడు. ఆయనకు నన్ను నల్లకోటులో చూడాలని ఉండేది.

మా ప్రొఫెసరు గారు నాకు ఒక చిన్న ఊరిని అప్పజెప్పారు. ఊరి మధ్య పచ్చిక మైదానం, దాని ఒడ్డున తెల్లటి చర్చి, చుట్టూ కొయ్య ఇళ్లు. ఇంటికి నూట యాభై ఏళ్లు నిండితే చాలు, గుమ్మం పక్కన బోర్డు కొట్టేస్తారు. ఆ లెక్కన మా పెదతాత ఇంటికి బోర్డు కాదు, శిలాశాసనమే వేయించాలి. ఆ ఊళ్లో పూర్వం ఒక జడ్జిగారు ఇంటిదగ్గరే కుర్రాళ్లకు న్యాయశాస్త్రం చెప్పేవాడు. కుర్రాళ్లు ఎక్కువై ముందుగదిలో పట్టకపోయేసరికి పెరట్లో ఒంటిగది బడి కట్టించాడు. దేశంలో మొట్టమొదటి లా కాలేజీ అదేనని ఊరివాళ్లు అంటారు. కాదు మాది అని ఇంకో ఊరివాళ్లు అంటారు. ఆ తగవులో నేను దూరలేదు.

ఆ బడిలో పరీక్షల్లేవు, డిగ్రీ లేదు. జడ్జిగారు తన కాగితాలు చూసి చదువుతూ పోతే కుర్రాళ్లు రాసుకోవాలి, అంతే. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు విశాఖలో మా కాంట్రాక్ట్స్ మాస్టారు గుర్తొచ్చారు. ఆయనా అంతే, పసుపుపచ్చబడ్డ కాగితాలు తీసి కామాలతో సహా చెప్పేవారు. న్యాయవిద్యలో రెండు ఖండాల మధ్యా పెద్ద తేడా లేదని అర్థమైంది. ఒక తేడా మాత్రం ఉంది. జడ్జిగారి బడిలో ఆడపిల్లలు లేరు.

తమాషా ఏమిటంటే, బడి మూతపడ్డాక ఆ గది ఉన్నచోట నిలవలేదు. అక్కడ కొయ్య ఇల్లు పాతబడితే కూల్చరు. కింద దుంగలు పెట్టి, ఎద్దులు కట్టి, కావలసిన చోటికి ఈడ్చుకుపోతారు. అలా ఈడ్చుకుపోయిన గది చివరికి ఎక్కడ తేలిందో ఎవరికీ తెలియదు. ఊళ్లో దానికి ఇద్దరు వారసులు తయారయ్యారు. ఒకటి చర్చి వెనక ఉన్న గుర్రాల షెడ్డు. రెండోది ఒక పెద్దావిడ వంటగది.

ఈ రెంటిలో ఏది అసలుదో తేల్చమని ఊరి చరిత్ర సంఘంవాళ్లు మా ప్రొఫెసరుని అడిగారు. ఊళ్లో అందరూ అందరికీ చుట్టాలే, తీర్పు చెప్పేది చుట్టరికం లేని మనిషై ఉండాలన్నారు. నాకంటే చుట్టరికం లేని మనిషి ఆ రాష్ట్రంలో దొరకడం కష్టం. ఆ వేసవికి నన్ను పంపారు.

సంఘం ప్రెసిడెంటు గారు ఇన్సూరెన్సులో రిటైరైన మనిషి. మెడకు సీతాకోకచిలుకలాంటి టై కట్టుకునేవాడు. ఆయన నాకు విషయం మెల్లగా చెప్పాడు. పెద్దావిడ భర్త పోతూ పోతూ ఇంటిని సంఘం పేర రాశాడు. బతికినన్నాళ్లూ ఆ ఇంట్లో ఉండే హక్కు మాత్రం భార్యకు ఉంచాడు. అయితే వంటగది వేరే చోటినుంచి తెచ్చి ఇంటికి అతికించింది కాబట్టి అది 'ఇల్లు' కిందికి రాదని ఈయన వాదన. అదే గనక బడి అయితే, ఇంటినుంచి కోసి, మైదానంలో పెట్టి, జనానికి చూపిస్తారు.

"ఇల్లు ఆవిడకే ఉంటుంది. మేం తీసుకునేది వంటగది ఒక్కటే" అన్నాడు.

"వంటగది లేకుండా ఆవిడెలా బతుకుతుంది?" అన్నాను.

"ఫ్లోరిడాలో కూతురుంది. అక్కడ చలి ఉండదు" అన్నాడు ఎంతో దయగా.

ఆ మాటతో అసలు సంగతి తెలిసింది. నేను అవునంటే ఆవిడ ఊరు వదలాలి.

నేను వెళ్లేసరికి పెద్దావిడ తలుపు దగ్గరే నిలబడి ఉంది. నిటారు మనిషి, ఎనభైకి దగ్గర వయసు, నడుముకు పూల ఏప్రన్. "నా వంటగదిని ఎత్తుకుపోవడానికి వచ్చింది నువ్వేనా?" అంది. ఎత్తుకుపోయేది నేను కాదు, చూసిపోయేదాన్నన్నాను. "సరే, ఎన్నిరోజులైనా చూసుకో. కానీ నా వంటగదిలో ఊరికే కూర్చున్నవాళ్లు లేరు" అని కత్తీ, ఒక బుట్ట ఆపిల్ పళ్లూ నా ముందు పెట్టింది. చరిత్ర పరిశోధనలో నా మొదటి పని ఆపిల్ పళ్లకు తొక్క తీయడం.

ఆ గదిలో ఒక గోడ పాతది. మిగతా మూడింటికీ రంగులూ కాగితాలూ వేశారు గాని, దీన్ని మాత్రం వెడల్పాటి ఉత్త చెక్కలతో అలాగే వదిలేశారు. దానికి ఆనుకుని పొడుగాటి బల్ల. నా చోటు అక్కడ స్థిరపడింది, బల్ల చివర, పొయ్యి పక్కన. చెక్కలమీద ఒకే ఎత్తులో వరసగా నల్లటి మచ్చలుండేవి. "అవేమిటి?" అని మొదటిరోజే అడిగాను. చెమ్మ అంది ఆవిడ. వాళ్ల అత్తగారు ఏటా సబ్బునీళ్లతోనూ, ఆవిడ అత్తగారు సున్నంతోనూ యుద్ధం చేశారట. "నేను ఓడిపోయాననుకున్నాను. నయం, తోడున్నారు" అంది.

యూనివర్సిటీ లైబ్రరీలో జడ్జిగారి పాఠాల ప్రతులు ఉన్నాయి. నేను వాటిని జిరాక్సు తీసుకుని తెచ్చుకునేదాన్ని. ఒకరోజు ఆవిడ పిండి కలుపుతూ, "ఆ కుర్రాళ్లు కూర్చుని విన్నదేదో నాకూ చదివి వినిపించు" అంది. అప్పటినుంచీ రోజూ మధ్యాహ్నం పాఠం. నేను చదువుతాను, ఆవిడ వంట చేస్తూ జడ్జిగారికి జవాబు చెబుతుంది.

భార్యాభర్తల పాఠం వచ్చినరోజు ఇద్దరికీ పని సాగలేదు. పెళ్లయిన ఆడదానికి చట్టంలో వేరే ఉనికి లేదట. ఆమె గిన్నెలూ గరిటెలూ కూడా భర్తవేనట. ఆవిడ అట్లకాడ ఎత్తి దానివంక కాసేపు చూసింది. "మా ఆయన బతికుండగా దీన్ని ఎక్కడ పెడతామో కూడా తెలీదు ఆయనకి. తన ఆస్తి ఎక్కడుందో తెలీని యజమాని" అంది. మా అత్తగారింట్లో ఉప్పుడబ్బా తెలిసిన మగవాడు లేడన్నాను. చట్టం ఎక్కడో పొరపాటు పడిందని ఇద్దరం తేల్చుకున్నాం.

ఇంతకీ నా తల సంగతి. కొబ్బరినూనె నాకు జెర్సీ సిటీనుంచి వచ్చేది. నెలకోసారి అక్కడికి పప్పులకోసం వెళ్లే స్నేహితులు సీసా తెచ్చిపెట్టేవారు. చలికాలమైతే గడ్డకట్టినదాన్ని హీటరుమీద పెట్టి కరిగించాలి, వేసవిలో ఆ బాధ లేదు. పట్టుగా రాసుకుని, జడ వేసుకుని బయల్దేరేదాన్ని. పెద్దావిడ మొదట్లో ముక్కు ఎగబీల్చి, "ఎవరో కొబ్బరి కేకు చేస్తున్నారు" అని కిటికీలోంచి తొంగిచూసేది. ఆ కేకు నేనేనని చెప్పడానికి నాకు వారం పట్టింది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం, పాఠం అయిపోయి బల్లమీదినుంచి లేచాను. పెద్దావిడ నా వెనక గోడవంక చూసి, చేతిలో ఉన్న గుడ్డ కింద పెట్టేసింది. నేనూ తిరిగి చూశాను. నేను కూర్చునే చోట, సరిగ్గా నా తల ఎత్తున, ఇంత గుండ్రంగా, తడితడిగా మెరుస్తూ కొత్త మరక.

సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. పరాయి దేశంలో, పరాయి ఇంట్లో, అమ్మ ఏది వద్దందో అదే చేశాను. గుడ్డ తీసుకుని తుడవబోయాను. తుడవబోతూ పక్కకు చూశాను. నా మరక పక్కన ఇంకోటి, దాని పక్కన ఇంకోటి. అదే గుండ్రం, అదే జిడ్డు నలుపు. ఆరిపోయి పాతబడినవి, అంతే తేడా. నాది కొంచెం కిందుగా ఉంది, అవి ఒకే వరసలో పైన ఉన్నాయి.

చెమ్మ అయితే వరసగా, తల ఎత్తున రాదు. ఆ కాలపు పెద్దింటి కుర్రాళ్లు జుట్టుకి ఎలుగుబంటి కొవ్వు రాసుకునేవారని ఎక్కడో చదివాను. చదివినప్పుడు మొహం చిట్లించుకున్నాను కూడా. ఇప్పుడు నాకు మా వసారా గోడ కనిపించింది, తాతయ్య కనిపించాడు. జడ్జిగారు చదువుతుంటే రాసి రాసి చేతులు నొప్పెట్టి గోడకు జారగిలబడ్డ కుర్రాళ్లందరూ కనిపించారు. ఇన్నాళ్లూ వాళ్ల పక్కనే కూర్చుని ఆపిల్ తొక్కలు తీశాను.

ఆ సంతోషం ఎంతసేపో ఉండలేదు. పెద్దావిడ మొహం చూడగానే ఇది ఎవరి వంటగదో గుర్తొచ్చింది.

"ఏం కనిపెట్టావు?" అంది. చెప్పాను. ఆవిడ కుర్చీ లాక్కుని గోడకు ఎదురుగా కూర్చుంది. "అంటే ముగ్గురు కోడళ్లం కలిసి మగపిల్లల తలలు తోమామన్నమాట" అంది. నవ్విందిగాని, ఏప్రన్ అంచు వేళ్లకు చుట్టుకుంటోంది. నాకు ఏడుపొచ్చింది. షెడ్డే బడి అని రాసేస్తే ఎవరికి తెలుస్తుంది అన్నాను.

"గుర్రాలు గోడకు తల ఆనించి పాఠాలు వింటాయా? అబద్ధం రాస్తే నిన్నీ బల్లమీద కూర్చోనివ్వను" అంది ఆవిడ.

ఇంటికి వచ్చి మా ఆయనతో చెప్పాను.

"ఏవండీ, కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపంలా ఉంది నా పని. రిపోర్ట్ సబ్మిట్ చేస్తే ఆవిడ రోడ్డున పడుతుంది."

"సబ్మిట్ చెయ్యకపోతే నీ డిగ్రీ రోడ్డున పడుతుంది" అన్నారు మా ఆయన పప్పులో నెయ్యి వేసుకుంటూ. ముద్ద కలుపుకుంటూ, "అయినా రెండేళ్లు లా చదివావు కదా, ఒక్క పాయింట్ కూడా తట్టట్లేదా? మీ నాన్నగారైతే ఈపాటికి స్టే తెచ్చేవారు" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. ఏ పాయింటూ తట్టలేదు కూడా.

మర్నాడు సబ్బునీళ్లూ గుడ్డా పట్టుకుని వెళ్లాను, కనీసం నా మరకైనా నేను కడిగి వద్దామని. ఆవిడ బకెట్టు లాక్కుంది. "పరిశోధన అయ్యేదాకా గోడ ముట్టుకోకూడదని మీ ప్రొఫెసరే కదా చెప్పాడు" అంది. తర్వాత, "ఆ కంచె కర్రలూ తలుపులూ ఉన్న పాఠం ఇంకోసారి చదువు" అంది. స్థిరాస్తి పాఠం అది. నేలకు బిగించిన వస్తువు నేలతోబాటే పోతుందనీ, అంతకుముందు అది ఎక్కడిదైనా, ఎవరిదైనా, బిగించాక అది ఆ ఇంటిదేననీ జడ్జిగారు అందులో చెబుతాడు. ఆవిడ మనసు మళ్లించుకోవడానికి అడుగుతోందనుకుని చదివాను. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. నేను చదువుతున్నాను, ఆవిడ వింటోంది. చదివేదానికి వినేదానికి ఉన్నంత బుర్ర లేకపోయింది.

నా రిపోర్టు అందాక సంఘంవాళ్లు గోడ చూడటానికి వచ్చారు. ప్రెసిడెంటు గారు, సంఘానికి లెక్కలూ దస్తావేజులూ చూసే లాయరు గారు, మా ప్రొఫెసరు. మచ్చల కింద పాత బల్లను బిగించిన మేకుల గుంటలు కూడా ఉన్నాయని మా ప్రొఫెసరు టేపు పెట్టి చూపించారు. మచ్చలకూ గుంటలకూ దూరం సరిగ్గా సరిపోయింది. షెడ్డు పని అక్కడితో అయిపోయింది. ప్రెసిడెంటు గారి మొహం వెలిగింది. దుంగలు ఎక్కడ దొరుకుతాయో, ఎద్దులు తేవాలా ట్రాక్టరు తేవాలా అని అక్కడే మాట్లాడటం మొదలుపెట్టాడు. ఎద్దులైతే జనం ఎక్కువ వస్తారన్నాడు.

పెద్దావిడ వాళ్లందరినీ ఆ బల్లమీద వరసగా కూర్చోబెట్టింది. ఆపిల్ పళ్లు కూరి కాల్చిన 'పై' తలా ఒక ముక్క పళ్లెంలో పెట్టి చేతికిచ్చింది. చేతిలో పళ్లెం ఉన్న మగవాడు మధ్యలో లేచి వెళ్లడని నాకు తర్వాత చెప్పింది. అప్పుడు ఏప్రన్ సర్దుకుని, జడ్జిగారు నిలబడ్డచోటే నిలబడి, పాఠం మొదలుపెట్టింది. కాగితం లేదు. నేను మూడుసార్లు చదివినదాన్ని కామాలతో సహా అప్పజెప్పింది.

"ఈ గది మా మామగారి తాతగారు తెచ్చారు. పునాది రాళ్లకు బిగించారు, ఇంటి దూలానికి మేకులు కొట్టారు. బిగించినరోజే ఇది ఇల్లయిపోయింది. ఇల్లు నేను పోయేదాకా నాది. ఇది నా మాట కాదు, ఇదే గదిలో ఇదే గోడకు ఆనుకుని కూర్చున్నవాళ్లకు జడ్జిగారు చెప్పిన మాట."

ప్రెసిడెంటు గారు నోట్లో ముక్క మింగి, "అమ్మా, అది ఎప్పటి మాటో" అన్నాడు.

"ఆ పాఠానికి కాలం చెల్లిపోయిందంటే ఈ గదికీ చెల్లిపోయినట్టే. చెల్లిన గది మీకెందుకు? చెల్లలేదంటే లేచి చేతులు కడుక్కోండి" అంది.

అందరూ లాయరు గారి వంక చూశారు. ఆయన పళ్లెంవంక చూస్తూ, "ఇప్పటికీ అదే చట్టం" అని గొణిగాడు. ఇంకో ముక్క ఉందా అని అడిగాడు. మా ప్రొఫెసరు పైకి నవ్వకుండా ఉండటానికి టేపు చుట్టుకుంటూ కూర్చున్నారు.

నాకు గర్వంగా ఉంది, ఉడుకుమోత్తనంగానూ ఉంది. రెండేళ్లు లా చదివినదాన్ని నేను. వాదన ఆవిడ చేసింది. వాళ్లు వెళ్లాక ఆ మాటే అంటే, "నువ్వు చదవకపోతే నేను వినేదాన్నా?" అని గిన్నెలు నా చేతికిచ్చింది.

ఆవిడ ఆ వంటగదిలోనే చాలాఏళ్లు బతికింది. నా థీసిస్ అయింది. మాకు ఇద్దరు పిల్లలు పుట్టారు. నాకు ఒక లైబ్రరీలో ఉద్యోగం వచ్చింది. లా సంగతి మళ్లీ ఎత్తలేదు. మా నాన్న కూడా ఎత్తడం మానేశాడు. తర్వాత ఆయన పోయాడు. ఆకులు రంగు మారే రోజుల్లో ఏడాదికోసారి పిల్లల్ని తీసుకుని పెద్దావిడ దగ్గరికి వెళ్లేవాళ్లం. వాళ్లచేతా ఆపిల్ తొక్కలు తీయించేది. వెళ్లినప్పుడల్లా నేను గోడకు బెత్తెడు ఎడంగా కూర్చునేదాన్ని.

ఎనభైల చివర్లో ఆవిడ పోయింది. సంఘంవాళ్లు గదిని కదల్చలేదు, ఉన్నచోటే మ్యూజియం చేశారు. చూద్దామని నేనూ మా ఆయనా వెళ్లాం. బల్లకు అడ్డంగా ఎర్రతాడు కట్టారు. కాలేజీ చదివే అమ్మాయి ఒకతె అందరికీ గోడ చూపించి కథ చెబుతోంది. వచ్చినవాళ్లు మెడలు చాచి జిడ్డు మరకల్ని భక్తిగా చూస్తున్నారు. ఒక మరక దగ్గర ఆ అమ్మాయి, ఈయన గవర్నరై ఉండొచ్చు అంది.

చివరికి పొయ్యి పక్కకు వచ్చింది. "ఇదిగో, ఈ చివరిది చూడండి. కాస్త కిందుగా ఉంది, ఇతను పొట్టివాడు. ఇతని గురించి మాకు ఇంకేం తెలీదు. కానీ ఈ ఇంటి పెద్దావిడ వచ్చినవాళ్లందరికీ చెప్పేదట, ఈ బడిలో అందరికంటే శ్రద్ధగా చదివిన విద్యార్థి ఇతనేనని. గోడ మొత్తం దులిపినా దీన్ని మాత్రం ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదట."

నా థీసిస్‌లో ఆ మరకను లెక్కలో వేయలేదు. అది నాదేనని అడుగున చిన్న అక్షరాల్లో స్పష్టంగా రాశాను. కానీ థీసిస్‌లు ఎవరు చదువుతారు?

మా ఆయన నా చెవిదగ్గరికి వంగి, "నీ సీటు రిజర్వ్ చేసి పెట్టింది చూడు" అన్నారు. నాకు కళ్లు మసకబారాయి. మా నాన్న ఉంటే బాగుండుననిపించింది.

"ఎవరికైనా ప్రశ్నలున్నాయా?" అంది ఆ అమ్మాయి.

లేవని తల ఊపాను. ఆవేళ తలకు నూనె రాసుకుని రానందుకు మాత్రం బాధపడ్డాను.